పెండ్లి చేసిన చేతులకు మర్యాద

పెండ్లి అయిన మర్నాడు ఇంటి పెద్ద తీర్చుకోవాల్సినవి రెండుంటాయి. పని చేసినవారికి ఇవ్వాల్సిన పైకం ఒకటి. ఆ పనికి చెప్పాల్సిన మంచిమాట, చేయాల్సిన మర్యాద రెండోది. మొదటిది తీరకుండా రెండోది చెల్లదు. టెంట్ హౌస్ యజమానికి శాలువా కప్పి, అతనికి రావాల్సిన బాకీని మూడు నెలలు నానబెడితే ఆ శాలువాకు విలువ లేదు. హైదరాబాద్ తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం పెండ్లిళ్లను దగ్గరగా చూస్తే ఈ రెండూ ఎట్లా కలిసి నడుస్తాయో, ఎక్కడ తప్పిపోతాయో తెలుస్తుంది.

ఉప్పల్ మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న పాత ఊరు. రెవెన్యూ కాగితాల్లో ఉప్పల్ కలాన్. దానికి ఉత్తరంగా నాచారం. పారిశ్రామికవాడ, ఈఎస్ఐ ఆస్పత్రి, ఎన్.టి. రామారావు కట్టించిన రామకృష్ణ స్టూడియో నాచారానికి గుర్తులు. పక్కనే హబ్సిగూడలో 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆ దారిలోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఉప్పల్ మున్సిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. 2016 అక్టోబరులో ఈ ప్రాంతం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవారు, పరిశోధన సంస్థల్లో ఉద్యోగానికి వచ్చినవారు, వరంగల్ దారి పట్టుకుని జనగామ, భువనగిరి, నల్లగొండ వైపునుంచి వచ్చి స్థిరపడ్డవారు, కోస్తా జిల్లాలవారు, ముందునుంచీ ఇక్కడే భూములున్న పాత కాపురస్థులు, అందరూ ఒకే గల్లీలో ఉంటారు. అందుకే ఒకే వారంలో ఒకే ఫంక్షన్ హాలులో రెండు పెండ్లిళ్లు జరిగితే, పని చేసినవారిని సాగనంపే తీరు రెండింట్లో రెండు రకాలుగా ఉంటుంది. ఒక ఇంట్లో ఒడిబియ్యం, మరో ఇంట్లో సారె. ఒక ఇంట్లో కట్నాలు, మరో ఇంట్లో చదివింపులు.

ఈ ఆనవాయితీలకు మూలం ఊళ్లలో ఉంది. ఊరి పెండ్లి ఏ ఒక్క ఇంటివారో చేసుకునేది కాదు, ఒక్కో కులవృత్తికి ఒక్కో పని ఉండేది. కుమ్మరి ఇంటినుంచి ఐరేని కుండలు డప్పు చప్పుడుతో వచ్చేవి. అవుసుల ఇంట్లో పుస్తె, మట్టెలు తయారయ్యేవి. వడ్రంగి పెండ్లిపీట చెక్కేవాడు, పందిరికి గుంజలు కోసేవాడు. మేదరి గంపలు, చాటలు అల్లేవాడు. పెండ్లికూతుర్ని మేనమామ మోసుకొచ్చే గంప కూడా ఆ ఇంటిదే. మంగలి సన్నాయి ఊదేవాడు, డోలు వాయించేవాడు, పెండ్లికొడుకు గోళ్లు తీసేవాడు. చాకలి దివిటీ పట్టేవాడు, నడిచే దారిలో బట్ట పరిచేవాడు, తలల మీద ఉల్లెడ పట్టేవాడు. విడిది ఇంట్లో నీళ్లు పోసే పని, పాత్రలు తోమే పని ఆ ఇంటి ఆడవారి మీద పడేది. మాదిగ డప్పు లేకుండా ఏ ఊరేగింపూ కదిలేది కాదు. సాలె మగ్గం మీద మధుపర్కాలు నేసేవారు. వీరందరికీ పంట కల్లాల దగ్గర ఏడాదికోసారి కొలిచే గింజలు ఒక లెక్క, పెండ్లినాడు దక్కేది మరో లెక్క. బియ్యం, పప్పు, బెల్లం, పసుపు కుంకుమ, రవికె బట్ట, పంచె, కొంత పైకం. ఎవరికి ఏది, ఎప్పుడు, ఎంత అన్నది ఊరిపెద్దలకు కంఠతా వచ్చేది.

ఈ పద్ధతిని తలచుకునేటప్పుడు దాని చీకటి ముఖాన్ని దాచకూడదు. నిజాం కాలంలో దేశ్‌ముఖులు, దొరల ఇండ్లలో పెండ్లి అంటే వృత్తులవారికి వెట్టి. కుండలు ఊరికే ఇవ్వాలి, మేకలు ఊరికే తోలాలి, బండ్లు ఊరికే కట్టాలి, రాత్రంతా దివిటీ పట్టి నిలబడాలి. చేసిన పనికి గింజ రాదు, మంచిమాట రాదు. 1946లో మొదలై 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి మీద కోపం ఒక పెద్ద కారణం. ఈ చరిత్ర తెలిసిన ప్రాంతంలో, పని చేయించుకున్నవారు పైకం ముందు పెట్టి తర్వాత చేతులు జోడించడం ఉత్త మర్యాద కాదు. చేసింది పని అని, దానికి కూలి హక్కు అని ఒప్పుకోవడం అది. పాత వృత్తికులాల పిల్లలు చాలామంది ఇప్పుడు ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్నారు. పెండ్లి తంతుకు పిలిచినప్పుడు కులం పేరుతో కేకేసి పిలవడం వారికి అవమానం. పేరు పెట్టి, వరుస పెట్టి పిలవడం మొదటి గౌరవం. డప్పు కొట్టే జట్టుకు, సన్నాయి జట్టుకు బంతిలో అందరితో పాటు కూర్చోబెట్టి అన్నం పెట్టడం రెండో గౌరవం. ఇవి రెండూ ఇప్పటికీ జరగని ఇండ్లున్నాయి, జరుగుతున్న ఇండ్లూ పెరుగుతున్నాయి.

నగరంలోకి వచ్చేసరికి ఆ పనులు పోలేదు, చేసేవారి పేర్లు మారాయి. పందిరి స్థానంలో టెంట్ హౌస్ వచ్చింది. కుర్చీలు, బల్లలు, తివాచీలు, బగోనెలు, గంజులు, జల్లిగంటెలు అన్నీ దాని సామాను. ఊరి వంటవారి స్థానంలో క్యాటరింగ్ వచ్చింది. అందులో వంటమాస్టర్ ఒకరు, పొయ్యి దగ్గర నలుగురైదుగురు, కూరగాయలు తరిగే ఆడవారు, వడ్డన చేసే కుర్రాళ్లు, గిన్నెలు తోమేవారు వేరువేరు. దివిటీ బదులు ఎల్ఈడీ లైటింగ్, జనరేటర్. ఉల్లెడ బదులు పూల డెకరేషన్. ఫోటో, వీడియో, డ్రోన్ ఒక జట్టు. మేకప్, మెహందీ మరో జట్టు. బ్యాండ్ మేళం, డీజే, గుర్రపు బండి. పత్రికలు అచ్చువేసిన ప్రెస్సు. పాలు, పెరుగు, నీళ్ల క్యాన్లు తెచ్చినవారు. హాలు మేనేజరు, వాచ్‌మన్, లిఫ్టు దగ్గర మనిషి. పొద్దున వచ్చి చెత్త ఎత్తే స్వచ్ఛ ఆటోవారు. లెక్క రాస్తే కాగితం రెండో వైపుకు పోతుంది.

ఈ సామాను, ఈ సరుకు అంతా ఉప్పల్‌లోనే దొరికేది కాదు. పూలు ఎక్కువగా గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్లవారకముందే వస్తాయి. పత్రికలకు పాతబస్తీలో ఛత్తాబజార్, గాజులకు లాడ్‌బజార్, ఇత్తడి, స్టీలు సామాన్లకు బేగంబజార్ ఉండనే ఉన్నాయి. అయితే ఉప్పల్‌కు తనదంటూ ఒక దారి ఉంది. చౌరస్తా దాటి వరంగల్ వైపు 163వ జాతీయ రహదారి మీద పోతే ఘట్‌కేసర్, బీబీనగర్ తర్వాత పక్కకు తిరిగి భూదాన్ పోచంపల్లి చేరవచ్చు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు తొలి భూదానం దక్కిన ఊరు అదే. అక్కడి ఇక్కత్ చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అదే రహదారి మీద ఇంకా ముందుకు పోతే జనగామ దగ్గర పెంబర్తి ఇత్తడి పని. ఉప్పల్ ఇండ్లలో కొందరు పట్టుచీరలు దుకాణంలో కాక పోచంపల్లి మగ్గం దగ్గరే కొంటారు. చిటికి కట్టడం, రంగులు అద్దడం, నేయడం కలిపితే ఒక చీర వెనుక రోజుల తరబడి ఇంటిల్లిపాదీ కష్టం ఉంటుంది. పెండ్లి ఫోటోల్లో ఆ చీర బాగా పడ్డ ఒక ఫోటోను, నేసిన కుటుంబం ఒప్పుకుంటే వారికి పంపడం మంచి అలవాటు. తాము నేసిన చీర ఎవరి ఒంటి మీద, ఏ శుభకార్యంలో మెరిసిందో నేతకారుకు తెలిసే సందర్భాలు చాలా తక్కువ.

ఇక పైకం సంగతి. హాలుకు, క్యాటరింగుకు, డెకరేషన్‌కు మాట్లాడుకున్ననాడే అడ్వాన్సు ఇస్తారు. మిగతాది పనిని బట్టి విడతలుగా పోతుంది. హాలు బాకీ పెండ్లికి ముందే తీరాలి, లేకపోతే తాళాలు రావు. క్యాటరింగు బాకీ పెండ్లి రాత్రే తేల్చుకుంటారు. ఫోటోగ్రాఫరుకు చివరి విడత ఆల్బం చేతికొచ్చాక. అన్నిటికన్నా ఎక్కువ గొడవ పడేది ప్లేట్ల లెక్క దగ్గర. మాట్లాడుకున్నప్పుడే ప్లేటుకు ఇంత అని ధర కుదురుతుంది. పెండ్లినాడు ప్లేట్ల కట్టలు హాలుకు వచ్చినప్పుడు ఇంటివారి తరఫు మనిషి ఒకరు, క్యాటరింగు సూపర్‌వైజరు ఒకరు కలిసి లెక్కపెట్టి కాగితం మీద రాసుకుంటారు. బంతులన్నీ అయ్యాక, రాత్రి పదకొండు గంటలకో పన్నెండు గంటలకో, మిగిలిన కట్టలు మళ్లీ లెక్కపెడతారు. మొదటి లెక్కలోంచి రెండో లెక్క తీసేస్తే తిన్నవారి సంఖ్య. వినడానికి తేలికే. కానీ ఒక కట్ట విప్పి సగం వాడి ఉంటుంది. తడిసి పారేసిన ప్లేట్లుంటాయి. ఒకే మనిషి రెండు ప్లేట్లు తీసుకుని ఉండవచ్చు. బ్యాండువారు, డ్రైవర్లు, డెకరేషన్ కుర్రాళ్లు తిన్నవి ఎవరి లెక్కలో పడాలో ముందు అనుకోకపోతే అక్కడే మాట పెరుగుతుంది. ఆ గంటకు అందరూ అలసిపోయి ఉంటారు. బుద్ధి తెలిసిన ఇంటిపెద్ద ఈ లెక్కకు కోపిష్టి బావమరిదిని కాక, నెమ్మదస్తుణ్ణి పంపుతాడు. పనివారి భోజనాలు ఇంటివారి లెక్కే అని మాట్లాడుకున్ననాడే చెప్పేస్తాడు. వంటమాస్టరుకు నిజమైన కృతజ్ఞత చాలాసార్లు ఈ పది నిమిషాల్లో, ఈ లెక్క కాగితం మీదే తేలుతుంది.

పన్నుల మాట కూడా ఇక్కడే వస్తుంది. హాలు అద్దె మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బయట జరిపే క్యాటరింగు మీద, పెద్ద హోటళ్ల లెక్క వేరు, మామూలుగా 2019 అక్టోబరు నుంచి 5 శాతం. బిల్లు లేకుండా అయితే ఒక ధర, బిల్లుతో అయితే ఒక ధర అనే బేరం వినిపిస్తూనే ఉంటుంది. బిల్లు తీసుకోవడం రెండు వైపులా మంచిది. తర్వాత సామాను విరిగిందనో, పోయిందనో వివాదం వస్తే చేతిలో కాగితం ఉంటుంది.

పైకం వెంటనే ఇవ్వడం ఎందుకు అంత ముఖ్యమో ముహూర్తాల పంచాంగం చూస్తే అర్థమవుతుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం పెండ్లిళ్ల నెలలు. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు. వాటి మధ్య గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం వస్తే వారాల తరబడి పందిళ్లు లేవవు. జ్యేష్ఠమాసపు చివరి పెండ్లికి పని చేసిన టెంట్ హౌస్ యజమానికి ఆ బాకీ అందకపోతే, ఆషాఢమంతా గోదాము అద్దె, కుర్రాళ్ల జీతాలు అప్పు మీద నడవాలి. బ్యాండువారికి, గుర్రపు బండివారికి ఇంకా కష్టం. గుర్రం మూఢంలోనూ తింటుంది. పెద్ద కంపెనీకి రెండు నెలల ఆలస్యం ఒక అంకె, చిన్న సప్లయర్‌కు అది పిల్లల ఫీజు.

పేదింటి ఆడపిల్లల పెండ్లికి తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న మొదలుపెట్టిన కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాల సాయం మొదట 51 వేల రూపాయలు. 2018లో అది 1,00,116 రూపాయలైంది. చెక్కు పెండ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. పెండ్లి అయ్యాక చెక్కు చేతికొచ్చే ఇండ్లలో టెంట్ హౌస్ బాకీ అప్పటిదాకా ఆగడం మామూలే. ఆ సంగతి ముందే చెప్పి ఒప్పించుకుంటే అది నమ్మకం. చెప్పకుండా ఆపితే ఎగవేత అనిపిస్తుంది.

ఆ లక్ష మీద ఉన్న 116ను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. తెలుగింట పురోహితుడి సంభావన అయినా, సన్నాయి జట్టుకు బహుమానం అయినా నూటపదహార్లతోనో, వెయ్యినూటపదహార్లతోనో ముగుస్తుంది. దీని పుట్టుక గురించి హైదరాబాద్‌లో చెప్పుకునే ఒక కథ ఉంది. నిజాం నాణెం హాలీ సిక్కా ఏడు రూపాయలకు బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరు మారేవి. ఆ లెక్కన నూరు బ్రిటిష్ రూపాయలకు 116కు కొంచెం పైగా హాలీ రూపాయలు. నిజాం ఇలాకాలో సత్కారం పొందినవారికి, సరిహద్దు దాటాక కూడా దాదాపు నూరు మిగలాలని 116 ఇచ్చేవారని ఆ కథ. కథ నిజమో కాదో పక్కన పెడితే, అందులో ఉన్న ఆలోచన గొప్పది. ఇచ్చినవారి చేతిలో ఎంత ఉందన్నది కాదు, పుచ్చుకున్నవారు ఇల్లు చేరేసరికి ఎంత మిగులుతుందన్నది లెక్క.

బిల్లులో పేరు లేనివారి సంగతి అన్నిటికన్నా బరువైనది. క్యాటరింగు యజమానికి మొత్తం ఇచ్చేస్తే బాధ్యత తీరిందని చాలామంది అనుకుంటారు. వడ్డన చేసిన కుర్రాళ్లలో చదువుకుంటూ ఫీజుల కోసం వచ్చేవారు చాలామంది. కొందరు ఆ పొద్దున అడ్డా మీద నిలబడి వచ్చినవారు. యజమాని దగ్గర వారి కూలి ఆ రాత్రి చేతికి అందుతుందో లేదో ఇంటివారు అడగరు. గిన్నెలు తోమే ఆడవారు హాలు వెనుక ఉంటారు, ఫోటోల్లోకి రారు. చివరి బంతి అయ్యాక మొదలయ్యే వారి పని తెల్లవారుజాము దాకా సాగుతుంది. వీరికి నేరుగా, చేతికి చేతిగా, పేరు అడిగి తెలుసుకుని కొంత పైకం ఇచ్చి, వెళ్లేటప్పుడు ఇంటికి పట్టుకుపోవడానికి స్వీటు డబ్బా పెట్టే ఇండ్లున్నాయి. మేనేజరు చేతికిచ్చి అందరికీ పంచమంటే అది అందరికీ చేరుతుందన్న భరోసా ఉండదు. ఒక్క జాగ్రత్త. ప్లేట్లు ఎత్తేవారిలో 14 ఏండ్లలోపు పిల్లలు కనిపిస్తే వారి చేతిలో నోటు పెట్టడం మంచితనం కాదు. 2016 సవరణ తర్వాత, ఇంటి సొంత పనిలో బడి వేళలు కాని సమయంలో సాయం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వయసు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. ఆ మాట కాంట్రాక్టరుకు ముందే, మాట్లాడుకున్ననాడే గట్టిగా చెప్పాలి.

చెత్త విషయమూ అంతే. నూరుమందికి మించిన జనం పోగయ్యే కార్యం అనుమతి ఉన్న హాలులో కాక ఇంటి ముందు, ఖాళీ జాగాలో జరిపితే కనీసం మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి తెలపాలని, తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు దేశమంతా నిషిద్ధం. మోదుగ విస్తరాకులు, పోకమట్ట ప్లేట్లు కొన్ని పెండ్లిళ్లలో మళ్లీ కనిపించడానికి అదొక కారణం. పారిశుద్ధ్య కార్మికులకు ఎన్ని నోట్లిచ్చినా, అన్నమూ గాజుపెంకులూ కలిపి ఒకే సంచిలో కట్టి పడేస్తే ఆ మర్యాద మర్యాద కాదు. వేరు చేసిన చెత్త వారి చేతులకు రక్షణ.

ఇరుగుపొరుగువారు సరుకు ఇవ్వరు, బిల్లు ఇవ్వరు. వారిచ్చేది ఓపిక. గల్లీకి అడ్డంగా టెంటు వేస్తే రెండు రోజులు వారి బండ్లు బయటే ఉంటాయి. బరాత్ రాత్రి తీన్మార్ దెబ్బకు పసిపిల్లలు లేస్తారు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. బరాత్ ఆ గీత దాటడం ఉప్పల్, రామంతాపూర్ గల్లీల్లో తెలియనిది కాదు. పరీక్షలు రాసే పిల్లలు, మంచాన పడ్డ పెద్దలు ఉన్న ఇండ్లకు ముందురోజే వెళ్లి చెప్పి, పదింటికి డీజే కట్టేయించి, మర్నాడు అరిసెలు, లడ్డూలు పంచితే పొరుగువారితో మాట నిలుస్తుంది. 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనుల కాలంలో, ఆ దుమ్ములో, ఆ ట్రాఫిక్‌లో ముహూర్తానికి చుట్టాలను తెచ్చిన డ్రైవర్లకు, మలుపుల దగ్గర నిలబడి దారి చూపిన మనుమలకు, అల్లుండ్లకు చెప్పాల్సిన మంచిమాట కూడా చిన్నది కాదు.

చుట్టాల సహాయానికి తెలుగింట నోటితో చెప్పే మాట తక్కువ, చేతలతో చేసే మర్యాద ఎక్కువ. మేనమామకు బట్టలు పెడతారు. ఆడబిడ్డకు లాంఛనం చెల్లిస్తారు. వారం రోజులు వచ్చి పిండివంటలు చేసిన పిన్నులకు, పెద్దమ్మలకు బొట్టుపెట్టి చీరలు పెడతారు. బియ్యం ఏరిన, పసుపు కొట్టిన ఇరుగింటి ఆడవారికి రవికె బట్ట, తమలపాకులు, వక్కలు, పండు. తెలంగాణ ఇండ్లలో బిడ్డకు ఒడిబియ్యం పోసేనాడు ఈ బాకీలు చాలామటుకు తీరుతాయి. కోస్తా వైపు ఇండ్లలో సత్యనారాయణ వ్రతం నాడు, పదహారు రోజుల పండుగ నాడు తీరుతాయి. బట్టలు పెట్టే వరుస తప్పితే నొచ్చుకునేవారుంటారు కాబట్టి ఇంటిపెద్దావిడ ముందే పేర్లు రాసి, సంచుల మీద చీటీలు అంటిస్తుంది. ఆమె ఈ పని చేస్తున్నందుకు ఆమెకు ఎవరూ ఏదీ పెట్టరు. కొత్త తరం ఇక్కడ కొంత మారుతోంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చి ఉప్పల్‌లో పెండ్లి చేసుకున్న పిల్లలు, అక్కడి అలవాటు ప్రకారం అతిథులకు, పని చేసినవారికి రెండు మూడు వాక్యాల ఉత్తరాలు రాస్తున్నారు. ఏ పని బాగుందో విడిగా చెప్పే ఉత్తరానికి విలువ ఎక్కువ. గుత్తివంకాయ కూర గురించి రాసిన ఒక్క వాక్యం వంటమాస్టరుకు నూరు పొగడ్తల పెట్టు.

వ్యాపారులకు అన్నిటికన్నా పనికొచ్చే కృతజ్ఞత వారి పేరు మరో ఇంట్లో చెప్పడం. నాచారం, మల్లాపూర్, బోడుప్పల్ వైపు టెంట్ హౌస్‌లు, చిన్న క్యాటరింగు జట్లు ఎక్కువగా నోటిమాట మీదే బతుకుతాయి. ఇప్పుడు ఫోన్లో రివ్యూలు రాసే వీలుంది. అందులో నక్షత్రాలకన్నా వివరం ముఖ్యం. ఎంతమందికి వండారు, సమయానికి వచ్చారా, చివరి బంతికి కూర మిగిలిందా, మాట్లాడుకున్న ధర దాటారా అన్నవి రాస్తే చదివినవారికి పనికొస్తుంది, పని చేసినవారికి న్యాయం జరుగుతుంది. లోపం జరిగితే ముందు వారికే చెప్పి, సర్దుకోవడానికి అవకాశమిచ్చి, ఆ తర్వాత రాయడం పద్ధతి. ఫోటోగ్రాఫరు, మేకప్ చేసినవారు తమ పని నమూనాగా పెండ్లి ఫోటోలు బయట పెట్టుకుంటామని అడుగుతారు. పెండ్లికూతురి ఇష్టం కనుక్కుని, ఏ ఫోటోలో చెప్పి ఒప్పుకోవడం వారికి పెద్ద సాయం.

చివరగా కట్నాల పుస్తకం. తలంబ్రాలు అయ్యాక మండపం పక్కన ఒక బల్ల వేసి, చేతిరాత బాగున్న బంధువొకరు లాంగ్‌బుక్కు పట్టుకుని కూర్చుంటారు. రూపాయి బిళ్ల అతికించిన కవర్లు ఒక్కొక్కటీ తీసి, పేరు, ఊరు, మొత్తం రాస్తారు. ఫోన్‌తో పైకం పంపినవారి పేర్లు ఆ రాత్రికి రాత్రే ఎక్కించకపోతే తర్వాత గుర్తుండవు. బుద్ధిగల ఇండ్లలో అందులోనే వేరే పేజీలో పైకం కాని సాయాలు కూడా రాస్తారు. ఎవరు రెండు బస్తాల బియ్యం తోలారు, ఎవరు కారు ఇచ్చి డ్రైవరును కూడా పంపారు, ఎవరి ఇంట్లో ఇరవైమంది చుట్టాలు పడుకున్నారు, ఎవరు రాత్రంతా వంటల దగ్గర కాపలా ఉన్నారు. ఆ సాయం చేసినవారి ఇండ్లనుంచి పెండ్లి పత్రిక వచ్చిననాడు ఈ పుస్తకం తీస్తారు. రాసి ఉన్న మొత్తాన్ని అంతే తిరిగి ఇవ్వరు. గడిచిన ఏండ్లకు పెరిగిన ధరలు చూసి పెంచి, చివర 116 వచ్చేట్టు సరిచేస్తారు. రాత్రి కాపలా ఉన్న ఇంటికి మాత్రం పైకంతో పాటు ఒక మనిషిని రెండు రోజుల ముందే పంపుతారు. సిరా వెలిసిపోతుందని ఇప్పుడు పేజీలకు ఫోన్‌తో ఫోటోలు తీసి, కుటుంబం గ్రూపులో పెట్టి ఉంచుతున్నారు.